కొండ మీద తెల్లనిది

ఆదివారం దేవుడి రోజని పడవలు కూడా నడపని హారిస్ దీవిలో, ఆ రోజు బట్టలారేసిన ఇంటిని దొంగల కొంపకన్నా హీనంగా చూస్తారు. అందుకే మర్డీనా ఆ వసంతకాలపు శనివారం పొద్దున్నే వారం బట్టలన్నీ ఉతికి దండెం మీద వేసింది. మొగుడు టార్క్విల్ పొడుగు ఉన్ని డ్రాయరుకు మాత్రం నాలుగు క్లిప్పులు పెట్టింది. కోళ్లకు మేత వేసి వచ్చేసరికి క్లిప్పులున్నాయి, డ్రాయరు లేదు.

"ఈ గాలికి దిక్కుమాలిన రోగం రాను!" అని తిట్టుకుంటూంటే, వాళ్లింట్లో బసకు దిగిన పక్షుల పిచ్చాయన పెట్టిగ్రూ ఒంటికాలి బూటుతో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మంచు గుడ్లగూబ! ఆ కొండ మీద బండ పక్కన! ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నానమ్మా!"

మర్డీనా అతని దుర్భిణి అందుకుని చూసింది. బండ పక్కన తెల్లని ముద్ద. దాని మీద అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు. ఆమె ఠక్కున దుర్భిణి దించేసింది. డ్రాయరు చిరిగిన చోటల్లా గోధుమరంగు ఉన్నితో రఫూ చేసింది తనే మరి.

"ఆ మచ్చలు చూశారా? ఆడపక్షి!" అన్నాడు పెట్టిగ్రూ.

మొగుడి డ్రాయరని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరూ చూడకుండా తెచ్చేద్దామనుకుంది. కానీ పెట్టిగ్రూ అప్పటికే ఊరూరా ఫోన్లు చేసేశాడు. ముందు పక్కింటి సోనాగ్ వచ్చింది. మధ్యాహ్నం ఆ రోజు ఆఖరి పడవలో ముప్ఫై మంది దిగారు, అందరి మెడల్లోనూ దుర్భిణులే. సోనాగ్ గోడ మీద కెటిల్ పెట్టి టీ అమ్మకం మొదలుపెట్టింది.

"పొద్దుట్నుంచీ కదల్లేదండీ! ఏం ఓపిక!" అన్నాడొకడు.

"తల తిప్పింది, నేను చూశా!" అన్నాడింకొకడు.

"దానికి తలెక్కడిది నా మొహం," అని గొణిగింది మర్డీనా.

"ఏంటే మర్డీనా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు? టార్క్విల్ ఏడీ?" అంది సోనాగ్.

"గొర్రెలు ఈనుతున్నాయని పొద్దున్నే పోయాడు. ఆయన సంగతి ఎత్తకు తల్లీ."

ఇంతలో పాస్టరుగారు వచ్చారు. దుర్భిణిలో చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత స్వచ్ఛమైన తెలుపు! మర్డీనా, రేపటి ప్రసంగం దీని మీదే. దేవుడు ఈ జీవికి తొడిగిన వస్త్రం గురించి చెబుతాను."

అంతే, మర్డీనా ఇక ఆగలేకపోయింది. రేపు చర్చిలో తన మొగుడి డ్రాయరు మీద ప్రసంగం! ఆమె గోడెక్కి నిలబడింది.

"వద్దు పాస్టరుగారూ! అది పక్షీ కాదు, పాడూ కాదు. మా ఆయన డ్రాయరు! వెనకాల ఆ మచ్చలన్నీ నా కుట్లే!"

సోనాగ్ చేతిలోని టీ ఒలికింది. పెట్టిగ్రూ మొహం పాలిపోయింది. "అమ్మా, వెళ్లకండి, బెదురుతుంది!" అని అతను అరుస్తూనే ఉన్నాడు. మర్డీనా గోడ దిగి, పొదల్లోంచి చరచరా కొండెక్కి, జనం వైపు తిరిగి, "ఇదిగో చూడండి!" అంటూ చెయ్యి చాపింది.

తెల్లని ముద్ద తల తిప్పింది. రెండు పసుపుపచ్చని కళ్లు ఆమెను చిరాగ్గా చూశాయి. తర్వాత బారెడేసి రెక్కలు విప్పి, ఆమె తల మీదుగా సముద్రం వైపు ఎగిరిపోయింది. పడవలోంచి చివరగా దిగినాయన అప్పుడే కెమెరా సంచీ విప్పుతున్నాడు.

అటుపక్క వాలులోంచి చంకలో గొర్రెపిల్లతో టార్క్విల్ ఎక్కి వచ్చాడు.

"ఏంటే ఈ జాతర?"

"నీ డ్రాయరేదయ్యా?" కొండంతా వినబడేలా అడిగింది మర్డీనా.

టార్క్విల్ కింద నిలబడ్డ ముప్ఫై మందినీ, సోనాగ్‌నూ, పాస్టరుగారినీ చూశాడు. గొంతు తగ్గించాడు.

"చలేస్తోందని పొద్దున్నే దండెం మీంచి తీసి వేసుకున్నానే. ఇంకా తడిగానే ఉంది."

కిందనున్న ముప్ఫై దుర్భిణులూ ఒక్కసారిగా అతని నడుము కిందికి దిగాయి.

గుడ్లగూబకైతే రెక్కలున్నాయి, టార్క్విల్‌కు సోమవారం దాకా పడవ కూడా లేదు.