జాంగ్రీ అలవాటు సామాను

జాంగ్రీకి కొత్త ఇల్లు దొరికిందనీ, కుక్కతోపాటు అప్పగించవలసిన సామానులో సువర్చల భర్త కూడా మంజూరయ్యాడనీ తెలిపే ఉత్తర్వు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు వచ్చింది. ఆ సమయానికి సువర్చల కరివేపాకు దూస్తోంది. పెళ్లై డెబ్భై నాలుగు రోజులే కాబట్టి కరివేపాకు దూయడం కూడా ఆమెకు ముచ్చటగానే ఉంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని కవరు చింపి, మొదటి పేజీ చదివి, మెట్ల మీంచి కిందికి కేకేసింది.

"ఏవండీ, వచ్చేసింది! సోమరాజుగారి మేడట!"

కింద పంపు దగ్గర బిందెలో నీళ్లు పడుతున్న త్రినాథ్ బిందెను అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. వెనకే జాంగ్రీ వచ్చింది. సంగతేమిటో దానికి తెలియదు గాని, ఇంట్లో ఎవరైనా సంతోషిస్తుంటే బయట ఉండిపోయే కుక్క కాదు అది.

కొత్తరేవు పురపాలక సంఘంలో పెంపుడు జంతువుల పునర్నివాస విభాగం ఎలా పనిచేస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఒక ఇంట్లో రాబడి ఆగి నలభై రోజులు దాటితే ఆ ఇంటి కుక్కకు మరో ఇల్లు చూపిస్తారు. కుక్క బెంగపెట్టుకోకూడదు కాబట్టి, అది దేనికి అలవాటుపడిందో అదంతా దాని వెంట పంపిస్తారు. తాగే గిన్నె, పడుకునే గోనె, కొరికే చెప్పు, అలవాటైన మనిషి. తీసుకునేవారు వీటన్నిటికీ చోటూ తిండీ చూపించాలి. మనుషులకు అలాంటి విభాగం లేదు. పెడదామని ఒకసారి అనుకున్నారు గాని, మనుషులు బెంగపెట్టుకున్నా పనులు ఆగడం లేదని నివేదిక రావడంతో ఊరుకున్నారు.

త్రినాథ్ పెంకుల కంపెనీలో డిజైన్లు గీసేవాడు. పెళ్లైన పన్నెండో రోజున కంపెనీ మూతపడింది. సువర్చల కాలేజీలో బోటనీ చెప్పేది. ఆ ఏడాది బోటనీలో ఎవరూ చేరలేదు కాబట్టి ఆమెను కూడా రావద్దన్నారు. ఇద్దరూ మేడ మీది ఒంటిగదికి మారి, మనకింత గాలి ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయారు. జాంగ్రీ మాత్రం నాలుగేళ్లుగా సువర్చల కుక్క. కాలేజీ తోటలో గన్నేరు చెట్టు కింద గుప్పెడంత పిల్లగా ఆమెకు దొరికింది. ఒంటి రంగు చూసి ఆ పేరు పెట్టింది. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళానికి ముందు నడిచింది అదే. కొత్త కాపురంలో రోజుకో గుడ్డు ఉడికేది. జాంగ్రీ దాన్ని తింటుంటే మొగుడూ పెళ్లాలు పక్కపక్కనే కూర్చుని సినిమా చూసినట్టు చూసేవారు. గుడ్డు రోజు విడిచి రోజు అయింది. తర్వాత వారానికొకటైంది. జాంగ్రీ పక్కటెముకలు వేలితో లెక్కపెట్టేలా కనబడిన రోజున సువర్చల వెళ్లి దరఖాస్తు పెట్టింది.

ఇప్పుడు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉత్తర్వు రెండో పేజీ తిప్పారు. సిల్వరు గిన్నె, మంజూరు. గోనెసంచి, మంజూరు. ఎడమకాలి చెప్పు, మంజూరు. గురక విషయంలో ఒక చిన్న వివరణ ఉంది: "సదరు గురకను విడిగా రవాణా చేయు వీలు లేనందున, త్రినాథ్ అను వ్యక్తిని మొత్తంగా మంజూరు చేయడమైనది."

"అబ్బ, మొత్తంగా!" అంది సువర్చల. ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది.

త్రినాథ్ పేజీని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "నీ పేరేదే?"

"కిందుంది చూడండి. సంతకం దగ్గర."

"అది సంతకమే. సామానులో ఏదీ?"

సామానులో లేదు. అలవాటు సామాను జాబితా నింపింది సువర్చలే. కొత్త పెళ్లికూతురికి మొగుడి గురక గురించి సర్కారు కాగితం మీద రాసే అవకాశం ఊరికే రాదు. "మా వారి గురక వినబడితే గాని జాంగ్రీకి నిద్ర పట్టదు, నాకూ అంతే" అని రెండు వరుసలు పట్టేలా రాసి, ఆ ఊపులో తన పేరు రాయడం మరిచిపోయింది. తను ఎలాగూ ఉంటుంది కదా అనుకుంది.

"నేనెక్కడికీ వెళ్లను" అన్నాడు త్రినాథ్.

"సామాను పూర్తిగా అందకపోతే ఉత్తర్వు రద్దట. జాంగ్రీని కుక్కల షెడ్డుకి తోలేస్తారు. చివర్లో రాశారు."

ఇద్దరూ జాంగ్రీ వంక చూశారు. అది తోక ఊపింది. బండి మర్నాడు తొమ్మిది గంటలకు వస్తుందని కూడా చివర్లోనే రాశారు.

మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. పునర్నివాస విభాగం రెండో అంతస్తులో, జనన మరణాల గదికి ఎదురుగా ఉంది. అక్కడి పర్యవేక్షకురాలు మంగతాయారు ఉత్తర్వును ఆసాంతం చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"తప్పేం లేదమ్మా ఇందులో. దరఖాస్తు పెట్టినవారు సామాను కాలేరు. అది రూలు."

"నాలుగేళ్లుగా నా కుక్క మేడమ్ అది!"

"కుక్క మీదేనమ్మా, ఎవరు కాదన్నారు? మీరు కుక్కవారని ఎక్కడా లేదు."

త్రినాథ్ ముందుకు వంగాడు. "పోనీ నేను సంతకం పెడతాను. ఆవిణ్ణి జాబితాలో రాయండి."

"అప్పుడు ఆవిడ వెళ్తుంది, మీరు ఉండిపోతారు. మీ ఇద్దరిలో ఎవరు ఉండిపోతారో వాళ్లు పెట్టండి బాబూ. మాకు ఎవరైనా ఒకటే."

"ఇద్దరం వెళ్లాలండి."

"కొత్తగా పెళ్లయిందా?"

"డెబ్భై నాలుగు రోజులండి" అన్నారిద్దరూ ఒకేసారి. జనన మరణాల గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

మంగతాయారు నిట్టూర్చి నిబంధనల పుస్తకం తీసింది. చాలా పేజీలు తిప్పాక ఒకచోట వేలు పెట్టింది. "ఇక మిగిలింది కుక్క. రెండేళ్లు నిండిన కుక్క సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు గాని, ఉంది."

కొత్త దరఖాస్తు రాశారు. దరఖాస్తుదారు: జాంగ్రీ. సామానులో త్రినాథ్, అతని కింద సువర్చల. తన పేరు భర్త పేరు కింద చూసుకుని, శుభలేఖ చూసుకున్నట్టుందని సువర్చల అనుకుంది. కాగితాన్ని నేల మీద పరిచి, పక్కన స్టాంపు ప్యాడు తెరిచి పెట్టారు.

"కాలు పట్టుకుని పెట్టించకూడదు. పిలవకూడదు. బిస్కెట్లు చూపించకూడదు" అంది మంగతాయారు. "బలవంతపు సంతకం చెల్లదు. అయిదింటికి కౌంటరు మూసేస్తాం."

జాంగ్రీ కాగితాన్ని వాసన చూసింది. ప్యాడును వాసన చూసి తుమ్మింది. తర్వాత వెళ్లి త్రినాథ్ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. నాలుగుంపావు అయింది. నాలుగున్నర అయింది. త్రినాథ్ కదలకుండా నిలబడి కళ్లతోనే కాగితం వైపు సైగ చేశాడు. "కళ్లతో కూడా వద్దు బాబూ" అంది మంగతాయారు. అతను కళ్లు మూసుకున్నాడు.

సువర్చల గోడ వారగా నేల మీద చతికిలబడింది. రేపటి ఒంటిగది ఆమెకు కనబడింది. గురక ఉండదు, గోనె ఉండదు, అంత గాలీ ఆమె ఒక్కతే పీల్చుకోవాలి. ఆఫీసులో ఏడవకూడదని గట్టిగా అనుకుంది గాని, ముక్కు ఎగబీల్చింది.

జాంగ్రీ తల ఎత్తింది. లేచి, దగ్గరదారిని ఆమె వైపు పరుగెత్తింది. దారిలో ప్యాడు ఉంది. కుడికాలు నిండా ఊదా సిరాతో ఆమె ఒళ్లోకి దూకి, రెండు ముందుకాళ్లూ ఎత్తి ముఖం నాకింది. కాగితం తెల్లగా అలాగే ఉంది. సువర్చల ఎడమ చెంప మీద మాత్రం అయిదు చుక్కల ముద్ర చక్కగా పడింది.

మంగతాయారు కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరకొచ్చి, ఆ చెంపను వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ముద్ర స్పష్టంగా ఉంది. ఇష్టపూర్వకంగానే వేసింది, మేం సాక్షులం" అంది. "సంతకం దేని మీద ఉంటే అదే దరఖాస్తు. కాబట్టి దరఖాస్తు మీరేనమ్మా. ఒరిజినల్ ఎప్పుడూ దరఖాస్తుదారు దగ్గరే ఉండాలి. కుక్క ఎక్కడుంటే మీరూ అక్కడే ఉండాలి."

"నేను సామాను కాదా మేడమ్?"

"సామాను కన్నా పైన. మీరు రికార్డు."

త్రినాథ్ కళ్లు తెరిచి, ఆఫీసని కూడా చూడకుండా భార్య చెయ్యి పట్టుకున్నాడు. సువర్చలను జిరాక్సు యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, చెంప గాజు మీద ఆనించి రెండు కాపీలు తీశారు. వెలుతురు కంటి పక్కనుంచి జరిగి వెళ్తుంటే ఆమెకు కితకితలు పెట్టినట్టయి నవ్వింది. నవ్వు పడిన కాపీ చెల్లదని మరొకటి తీశారు. కాపీలను ఫైల్లో పెట్టి, ఒరిజినల్ మెడ కింద చిన్న గుండ్రటి సీలు వేశారు.

"ఇది చెరిగిపోతే?" అని అడిగాడు త్రినాథ్.

"ఆర్నెల్లకోసారి రెన్యువల్ ఉంటుంది. కుక్క మళ్లీ తనంతట తాను వెయ్యాలి. వెయ్యకపోతే మేం చేసేదేం లేదు." మంగతాయారు ఆ మాట మెల్లగానే చెప్పింది. "దాన్ని సంతోషంగా ఉంచండి, అంతే. అందరం చేసేది అదేగా."

సువర్చలకు ఆ షరతులో కష్టమేమీ కనబడలేదు. జాంగ్రీని సంతోషంగా ఉంచడం ఆమెకు నాలుగేళ్లుగా అలవాటే. ఇక నుంచి అదే ఉద్యోగమైంది. పైగా సోమరాజుగారి మేడలో కుక్కకు రోజుకు రెండు గుడ్లని ఉత్తర్వులో ఉంది, సామానుకు మిగిలింది పెడతారని ఉంది. రెండు గుడ్లలో తప్పకుండా ఏదో ఒకటి మిగులుతుందని మెట్లు దిగుతూ ఇద్దరూ లెక్కవేసుకున్నారు. ఇంతకన్నా మంచి కబురు పెళ్లైనప్పటి నుంచీ వినలేదని త్రినాథ్ అంటే, సువర్చల నిజమేనంది.

గేటు దగ్గరకు వచ్చేసరికి వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. మంగతాయారు కౌంటరు మూసేసి, హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని గబగబా వస్తోంది. ఆయాసపడుతూ ఆగి, వంగి, తన అరచేతిని జాంగ్రీ ముక్కు దగ్గర పెట్టింది. అది వాసన చూసింది.

"మాది కాంట్రాక్టు ఉద్యోగమేనమ్మా" అంది తల ఎత్తకుండానే. "ఈ నెలాఖరుతో అయిపోతుంది. మా ఆయన ఇంట్లోనే ఉంటున్నారు ఏడాదిగా. సోమరాజుగారి మేడలో చోటు చాలానే ఉంటుంది కదూ?"

"ఉంటుందండి. పెద్ద మేడ."

"జాబితాలో రెండు వరుసలు ఖాళీ ఉన్నాయి. ఇందాకే చూశాను." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇది కొత్తవాళ్లకి ఎంతసేపట్లో అలవాటవుతుందమ్మా?"

సువర్చల జాంగ్రీ వంక చూసింది, త్రినాథ్ వంక చూసింది. సంతోషంగా ఉన్నవాళ్లకు ఎదుటివారికి కాదని చెప్పడం చేతకాదు.

"పొద్దున్నే ఆరింటికి వచ్చేయండి మేడమ్. ఇది ఆరున్నరకి లేస్తుంది. కళ్లు తెరవగానే మీరిద్దరూ కనబడాలి. కుర్చీ అడగొద్దని మీ వారికి చెప్పండి, నేల మీద కూర్చోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. ముందు మీరు ముట్టుకోవద్దు, అదే వచ్చి ముట్టుకుంటుంది. బండి తొమ్మిదింటికి కదా, రెండున్నర గంటలు చాలు. కంగారు పడకండి, అందరూ అలవాటైపోతారు."