పీతకు కొట్టిన చావుగంట

పందొమ్మిదివందల అరవయ్యొకటి, వేసవి ఇంకా ముదరలేదు. ఆ శనివారం పొద్దున్న సమాధానం అనే పెద్దాయన అనుకున్న పనులు మూడే. గాజుతొట్టిలో సముద్రపు నీళ్ళు మార్చడం, సద్దన్నం తినడం, బస్సెక్కి గూడూరు పోయి నిండు చూలాలైన కూతురు నవోమిని చూసి రావడం. తొట్టిలోకి తొంగి చూసేసరికి మూడూ గంగలో కలిశాయి. శంఖంలో కాపురముండే పీత, శంఖం వదిలి ఇసుక మీద కాళ్ళు ముడుచుకుని పడి ఉంది.

ఆ పీత ఆయన భార్య మగ్దలీనమ్మది. కోడూరు తీరాన దొరికితే కొంగున వేసుకుని తెచ్చింది. ఆసుపత్రి దొరసాని సీమకు వెళ్ళిపోతూ ఇచ్చిన తొట్టిలో రాళ్ళు పేర్చి, దానికో సంసారం అమర్చింది. సమాధానం మెరకప్రాంతం మనిషి. పీతంటే కూరగానే ఎరుగును. అయినా ఆమె కోసం వారం వారం కుండతో సముద్రపు నీళ్ళు మోశాడు. సైకిలు పంపుతో తొట్టిలోకి గాలి కొట్టాడు. పోయిన వానాకాలం కన్నుమూసే ముందు ఆమె, "పీతకు నీళ్ళు మార్చండి, మరిచిపోబాకండి" అంది. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మొగుడికి చివరి మాటగా దక్కింది అదే. ఆ ఒక్క మాటా నిలబెట్టుకోలేకపోయాడు.

పీతనూ, దాని శంఖాన్నీ భార్య తెల్లచీర పేలికను తడిపి చుట్టి, మూతలేని టీపొడి పెట్టెలో పెట్టాడు. ఆమె కాళ్ళ దగ్గరే పూడ్చిపెడదామని పార భుజాన వేసుకుని సమాధుల తోటకు బయల్దేరాడు.

పక్కింటి సామ్రాజ్యం వాకిలి చిమ్ముతూ పలకరించింది. "యాడికన్నా, గూడూరికా?"

ఆయన పెట్టె వైపు చూసి తల అడ్డంగా ఊపి సాగిపోయాడు.

చావు మోసుకుపోయే మనిషిని ఎవరు, ఏమిటని నిలదీయడం ఆ పేటలో మర్యాద కాదు. చిన్న పెట్టె, తెల్లగుడ్డ, గూడూరులో నిండు చూలాలు. సామ్రాజ్యం చీపురు పారేసి గుడికి పరుగెత్తింది. గంట కొట్టే యెహోషువ కూడా మర్యాదస్తుడే. ఏమీ అడక్కుండా తాడు అందుకున్నాడు. గంట విని అయ్యగారు బైబిలు పట్టుకుని వచ్చారు. బడి మూసేశారు. జాలర్లుండే పట్టపుపాళెం నుంచి మాల్యాద్రి వల చుట్టి పడేసి, తనవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు.

గుంట తవ్వి తలెత్తిన సమాధానానికి పేట పేటంతా కనిపించింది. ఆయన విస్తుపోయాడు. మగ్దలీనమ్మను పూడ్చిన నాడు తుపాను. వాగు పొంగి, నలుగురంటే నలుగురే రాగలిగారు. ఇప్పుడు ఆమె పీత కోసం ఇంతమంది.

"ఎందుకయ్యా అందరూ వచ్చినారు? దీనికింత..." అన్నాడు.

"ఏం మాటన్నా అది. ఎంత చిన్నదైతే మాత్రం ప్రాణం కాదా?" అన్నాడు మాల్యాద్రి కళ్ళు తుడుచుకుంటూ.

ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. దాంతో సమాధానం నిబ్బరమంతా పోయింది. భార్యను పూడ్చిననాడు కూడా కన్నీరు పెట్టని మనిషి బోరుమన్నాడు. ఆయన ఏడ్చింది పీత కోసం కాదని ఆయనకూ తెలుసు.

"ఒక్కసారి మొహమన్నా చూపించన్నా," అంటూ సామ్రాజ్యం గుడ్డ విప్పింది.

లోపల ఒక పీత తొక్క, ఒక శంఖం. పాట ఆగిపోయింది. అంతలో శంఖంలో నుంచి రెండు లేతకాళ్ళు బయటికి వచ్చి, గుడ్డను తడిమి, మళ్ళీ లోపలికి పోయాయి.

"బిడ్డేదన్నా?"

"ఏ బిడ్డ?"

"నవోమి బిడ్డ."

"నవోమికి ఇంకా కాన్పే కాలేదే."

సామ్రాజ్యం గుండె కుదుటపడింది. కుదుటపడ్డాక మండింది. "ఇది చావలేదన్నా. ఒళ్ళు పెరిగి పాత తొక్క ఇడిచేసింది, అంతే. దీనికా గంట కొట్టించినావు?"

"గంట కొట్టమని నేను చెప్పలేదమ్మా."

యెహోషువ సముద్రం వైపు చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. క్షణంలో తోటంతా నవ్వులే. సమాధానం మాత్రం నవ్వలేదు. శంఖాన్ని అరచేతిలో పెట్టుకుని భార్య మట్టిదిబ్బ వైపు చూశాడు.

"అయ్యగారూ, ఇది తొక్క ఇడిచి బతికే ఉండాది గదా. మరి ఈమె..."

నవ్వులు ఆగిపోయాయి. పునరుత్థానం గురించిన ప్రతి వాక్యమూ అయ్యగారికి కంఠతా వచ్చు. ఆ పూట బైబిలు మూసి చంకన పెట్టుకున్నారు. ఆయన మెల్లగా సమాధానం పక్కనే మట్టిలో కూర్చున్నారు.

సాయంత్రం సామ్రాజ్యం, చావింటికని వండిన అన్నం పారేయలేక పంపించింది. సమాధానం నాలుగు మెతుకులు తీసి తొట్టిలో వేశాడు.

పీత తన చావుకూడు తానే తిన్నది.