లీడ్స్‌కు పులి దుప్పటి

బుధవారం పొద్దున జిలానీ బాషా చేయవలసిన పనులు రెండే. కారు కడగాలి. పదకొండుకల్లా ఇంటి యజమానిని, అంటే పనివాళ్లంతా బాబా అని పిలిచే పెద్దాయనను, ఎయిర్‌పోర్టులో దింపాలి. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా డ్రైవరుగా ఉన్న మనిషికి ఇది పనే కాదు. కానీ కారు కడిగే ముందు అతను ఫోనులో లీడ్స్ వాతావరణం చూశాడు. చెడింది అక్కడే.

లీడ్స్ బ్రిటన్‌లో ఉంది. అదే ఇంట్లో వంట చేసే అతని భార్య జీనత్ నెల రోజులుగా ఆ ఊళ్లోనే ఉంది. ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. ఆవిడ కూతురు అక్కడ కాన్పయితే, బాలింతకు వండిపెట్టడానికి మామా జీనత్‌ను వెంట తీసుకువెళ్లారు. ఇప్పుడు మనవణ్ణి చూడడానికి బాబా బయలుదేరుతున్నారు. జీనత్‌కు చలి పడదు. రాయచోటిలో ముసురు పడితేనే ఆయాసం వచ్చే మనిషి. అలాంటిది, గురువారం రాత్రి నుంచి లీడ్స్‌లో జానెడు మంచు పడుతుందని ఫోను చెబుతోంది, పసుపు రంగు హెచ్చరికతో సహా.

బ్రిటన్‌వాళ్లయితే ఆ హెచ్చరిక చదివి, గొడుగు తీసుకుని పనికి పోతారు. జిలానీ కువైట్ వాతావరణానికి అలవాటుపడ్డవాడు. ఇక్కడ ఫోను యాభై డిగ్రీలంటే యాభై డిగ్రీలే. దుమ్ము వస్తుందంటే సాయంత్రానికి పళ్లలో ఇసుక. అతను వెంటనే జీనత్‌కు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. నాలుగుసార్లు చేశాడు. కువైట్‌లో ఏడైతే అక్కడ ఇంకా నాలుగేనని, ఆ వేళకు మనుషులు నిద్రపోతుంటారని అతనికి తట్టలేదు. ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడ్డ జీనత్తే కళ్లముందు ఆడుతోంది.

కువైట్‌లోనే మహబూలాలో ఉండే తన ఊరివాడు సిరాజ్‌కు ఫోన్ చేశాడు.

"సిరాజ్, నీ కాడ స్వెటరేమన్నా ఉండాదా? బాబా పోతాండాడు, పెట్టెలో పెడదామని. ఆడ మంచు పడతాదంట. జీనత్ ఫోను స్విచ్చాఫ్."

సిరాజ్ దగ్గర స్వెటరు లేదు. "దిగులు పడొద్దు భాయ్. నేను చూస్తా."

చూడడమంటే, పదకొండు మంది ఉండే తన ఫ్లాట్‌లో చెప్పడం, ఆపైన ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఏడున్నరకు జీనత్ చలిలో ఉంది. ఎనిమిదికి మంచులో చిక్కుకుంది. ఎనిమిదిన్నరకు రాయచోటిలో ఆమె కోసం దువా చేస్తున్నారు. తొమ్మిదికి సిరాజ్ పెద్ద మూటతో టాక్సీ దిగాడు. అందులో ఆరు మంకీ క్యాపులు, మూడు శాలువాలు, శొంఠిపొడి, ఒక కారప్పొడి పొట్లం ఉన్నాయి.

"కారప్పొడి ఎందుకప్పా?"

"పెట్టె ఎట్లాగూ పోతాంది గదా భాయ్."

గల్ఫులో అది న్యాయమైన మాటే. పెట్టె ఎవరిదైనా కానీ, బయలుదేరిందంటే ఊరందరిదీ. ఆ న్యాయం కఫీల్ పెట్టెకు, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని పెట్టెకు, వర్తిస్తుందా అని ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. దారిలో బాబాతో చెప్పేస్తానులే అనుకున్నాడు జిలానీ. చివరగా తన గదిలో ఉన్న ఒకే ఒక్క దుప్పటిని, రెండువైపులా పులిబొమ్మ ఉన్నదాన్ని, మడిచి తెచ్చాడు. సిరాజ్ పెట్టె మూత మీద కూర్చుంటే గానీ జిప్పు పడలేదు.

దారి పొడుగునా బాబా ఫోనులోనే ఉన్నారు.

కౌంటర్ దగ్గర తూకం పద్దెనిమిది కిలోలు చూపించింది. నాలుగు చొక్కాలు, బిడ్డకు రెండు బొమ్మలు పెట్టుకున్న బాబా ఆ అంకెను రెండుసార్లు చదివారు. పెట్టె తెరిపించారు. పులి బయటికి వచ్చింది. దాని వెంట మంకీ క్యాపులు వచ్చాయి. పొట్లం పగిలి, బాబా తెల్లచొక్కాలన్నీ కారప్పొడిలో ఎర్రబడ్డాయి. కౌంటర్ అమ్మాయి తుమ్మింది. వెనక వరుసలో ఇంకో ఇద్దరు తుమ్మారు.

బాబా జిలానీ వైపు తిరిగారు. ఉద్యోగం ఖలాస్ అని జిలానీకి తెలిసిపోయింది. అయినా సగం అరబ్బీలో, సగం ఉర్దూలో ఉన్నదంతా చెప్పేశాడు. "ఆమెకు చలి పడదు బాబా. పొద్దున్నుంచి ఫోను కలవడంలేదు. ఆమే నా ప్రాణం" అన్నాడు.

బాబా మామాకు ఫోన్ చేసి, ఫోను జిలానీ చేతికిచ్చారు. అవతల జీనత్ పలికింది. కూతురి పేరుతో మొగుణ్ణి పిలవడం ఆమె అలవాటు.

"ఏంది హుమేరా నాయనా? బిడ్డ నిద్ర లేస్తాదని రాత్రి ఫోను ఆపేసినా."

"ఆడ మంచు పడతాదంట గదా. ఊపిరి ఆడతాండాదా నీకు?"

"వీళ్లు మూడు దినాలకోసారి మంచంటారు, పడేది వాన. ఇల్లంతా హీటర్లే, నాకు చెమట పోస్తాండాది. ఏం జేసినావు నువ్వు?"

"దుప్పటి పంపిద్దామని..."

"పులి దుప్పటా? ఈ రాత్రికి ఆడ నాలుగు డిగ్రీలు, పైన గాలి. నువ్వేం కప్పుకుంటావు?"

"నాలుగని నీకెట్లా తెలుసు?"

"దినామూ లేస్తూనే కువైట్‌ది చూస్తా. నీకు దగ్గు తగులుకుంటాది గదా."

ఇక్కడ జిలానీ ఆమె చలి చూస్తుంటే, అక్కడ ఆమె అతని చలి చూస్తోంది. అంతమంది మధ్య తల వంచుకుని, కారప్పొడి అంటిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. దాంతో ఇంకాస్త ఎక్కువే ఏడ్చాడు.

ఇద్దరి మాటల్లో ఒక్క ముక్క తెలియకపోయినా బాబాకు సంగతి అర్థమైంది. చొక్కాలు దులిపి పెట్టెలో వేసుకుని, మిగతావి జిలానీ వైపు తోసి, "యల్లా, ఇంటికి పో. అది కప్పుకుని పడుకో" అన్నారు.

ఆ రాత్రి కువైట్‌లో చెప్పినట్టే నాలుగు డిగ్రీలు. జిలానీ పులి కింద వెచ్చగా నిద్రపోయాడు.

శుక్రవారం లీడ్స్‌లో మంచు పడనే పడింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, మెట్ల మీద వేలెడు కూడా లేదు. జీనత్ ఫోటో పంపింది. పిడికెడు మంచు అరచేతిలో పట్టుకుని ఆమె నవ్వుతోంది. పక్కన బాబా మంకీ క్యాపు గడ్డం దాకా లాక్కుని, మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉన్నారు. జిలానీ వెళ్లి మూట చూసుకున్నాడు. క్యాపులు ఐదే ఉన్నాయి.

ఊరందరి దిగులూ తీరుతుందని ఆ ఫోటో గ్రూపులో పెట్టాడు. మొదటి జవాబు సిరాజ్‌ది.

"ఆ టోపీ నాది భాయ్. బాబా పెట్టె ఎట్లాగూ వస్తాంది గదా, అందులో పెట్టుకోమను."