ఎడమమడమ సంగ్రామము

అంధకారమను అంగరఖాను విప్పి అవతల పారవైచి, అరుణకిరణకంచుకమును తొడుగుకొని, సహస్రకరుండు తూర్పుదిక్కున తొంగిచూచుచున్న యొకానొక ఆదివారమున, సరిగా ఆరు గంటల పది నిమిషములకు, ఊరిచివర బస్సు దిగి, కొండదారి మొదటనున్న సిమెంటుబల్లపై ఎడమకాలు మోపి బూటుతాడు బిగించుచున్న మహావీరుని చరితమును పాడెదను, వినుడు! కత్తి పట్టినవారిని గూర్చి పాడినవారు కోకొల్లలు. కత్తెర పట్టినవానిని గూర్చి పాడుటకు నేనొక్కడనే మిగిలితిని, ఏమి చేయుదును!

ఎవ్వడా వీరుడు? సూచికాసవ్యసాచి, కుట్టుయంత్రరథారూఢుడు, ముప్పదియేండ్లుగా ఎనిమిదడుగుల కొట్టున కూర్చుండి పెండ్లికొడుకుల నడుములను బడిపిల్లల మోకాళ్లను సమదృష్టితో కొలిచిన దర్జీ. ఆతని కుట్టు ఊడినదని ఇంతవరకు ఏ గుడ్డయు సాక్ష్యము చెప్పలేదు. అట్టివానికి మూడేండ్లుగా ఒకటే పరాభవము: ఏటేటా ఈ కొండ నెక్కబోవుట, నడిదారిలో ఎడమమడమపై బొబ్బ లేచుట, కుంటుచు దిగివచ్చుట. దిగినది తానొక్కడే యైన చింత లేకపోవును. మగనిని ఒంటరిగా పంపలేక ఆతని భార్యయు మూడుమార్లును శిఖరము చూడకయే వెనుదిరిగెను. "పైన ఏముంటుందిలెండి, రాళ్లేగా" అని మూడుమార్లును నవ్వెను. ఆ నవ్వు దర్జీ గుండెలో విరిగిన సూదిమొనవలె దిగబడి యుండెను. ఈసారి ఆమెకు ఆ రాళ్లు చూపవలె, అంతే.

కావున ఆతడు చేసిన సన్నాహము చెప్పనలవి కాదు, అయినను చెప్పెదను. ప్రొద్దుగూకువేళకు కాళ్లు కొంచెముబ్బునని తెలిసి ఆ వేళకే అంగడికి పోయి, వ్రేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పు జాగా యుండునట్లు బూట్లు కొనెను. కొత్తబూటుతో కొండకు పోవుట కొరివితో తల గోకికొనుటయే యని, పదునైదు దినములు కొట్టులోనే వానిని తొడిగి మిషను తొక్కెను. కాలిగోళ్లను అంచు కత్తిరించినంత తిన్నగా కత్తిరించెను. ఇన్ని చేసిన మహానుభావుడు భార్య తెచ్చిన కొత్త మేజోళ్లను మాత్రము ముట్టలేదు!

"పాతవి మడమ దగ్గర చిరిగాయి కదండీ, ఇవి వేసుకోండి" అని ఆమె యనగానే ఆతని స్వాభిమానము బుస్సుమనెను.

"చిరిగితే? ఊరందరి చిరుగులూ కుట్టేవాణ్ణి, నా సాక్సు నేను కుట్టుకోలేనా? రెట్టింపు దారంతో రఫ్ఫు కుట్టాను. బట్టయినా పోతుంది గానీ నా కుట్టు పోదు!"

"సరే, మీ ఇష్టం" అని ఆమె ఆ జతను తన సంచి యడుగున వైచుకొనెను.

తోడు వచ్చినవాడు ఆమె తమ్ముడు. బస్సు నడుపువాడు, బావను ఏడిపించుట తన జన్మహక్కని నమ్మినవాడు. పాతచెప్పులు టపటపలాడించుచు ముందుకురికి వెనుదిరిగి, "బావా, ఈసారి ఏ మలుపు దగ్గర వెనక్కి? ముందే చెబితే భోజనం టైముకి ఇంటికి పోతా" అని పలికెను. దర్జీ నడక సాగించెను. ఒకటవ మలుపు దాటెను. రెండవ మలుపు దాటెను. అప్పటికి బావమరిది కూతలు కొంచెము తగ్గినవి గాని ఎవ్వరును గమనింపలేదు.

మూడవ మలుపున, ఎడమమడమ వెనుక, రూపాయిబిళ్లంత చోట వెచ్చదనము పొడసూపెను. అదియే బొబ్బాసురుని శంఖారావము! ఇదేమి సమాసమని పండితులు నొసలు చిట్లింతురు గాక. వారి మడమ మండిననాడు వచ్చి అడుగుమనుడు. అంతట దర్జీ హృదయక్షేత్రమున ఘోరయుద్ధము ప్రారంభమయ్యెను. "ఇంకో పదడుగులు వేస్తే అదే సర్దుకుంటుంది. ఇప్పుడు కూర్చున్నావో, నీ బావమరిది ఊరంతా టాంటాం వేస్తాడు" అని పరువు చెవిలో పోరుచుండెను. మూడేండ్లును ఆతనిని ముంచినది ఈ పదడుగులే. పదడుగులు వేసెను. మంట హెచ్చెను. మరి పది వేసెను. ముందు పోవుచున్న భార్య మెడ నిక్కించి శిఖరమువైపే చూచుచు, అప్పుడప్పుడు రాళ్లు తట్టుకొనుచు నడుచుచుండెను.

అయ్యా, పులిని చంపుట ఒక యెత్తు. బావమరిది యెదుట నొప్పియని యొప్పుకొనుట ఒక యెత్తు. ఆ రెండవదానినే చేసెను మా వీరుడు.

"ఆగండి!" అని గర్జించెను. "మడమ మండుతోంది."

బావమరిది పకపక నవ్వెను. "నేనన్లా! పదండి కిందికి."

ఆమె మొగము ఒక్క లిప్త చిన్నబోయెను. "పోనీలెండి, పైన ఏముంటుంది, రా..." అనబోయెను.

"కిందికెవడు పొమ్మన్నాడు? కూర్చోడానికి ఆగమన్నా!" అని దర్జీ బండపై చతికిలబడి బూటు విప్పెను.

మడమపై ఎఱ్ఱని చక్రము. బొబ్బ ఇంకను లేవలేదు. బావమరిది మేజోడును తిరుగవైచి వ్రేళ్లతో తడవి కేకవైచెను. "ఇదిగో దొంగ! ఆవగింజంత ముడి! ఏ వెధవ కుట్టాడు బావా దీన్ని?"

కొండగాలి యాగెను. పక్షులు మూగవోయెను.

"నేనే" అనెను దర్జీ.

ఊడని కుట్టు, తెగని దారము, అరగని ముడి! ముప్పదియేండ్ల కీర్తి తన యజమాని మడమనే కాటువేయ జూచినది. ఇచ్చట మఱియొక పరాక్రమమును చెప్పవలె: భార్య "నేను ముందే చెప్పాను" అనలేదు. ఆ మాట మింగుటకు ఎంత బలము కావలెనో పెండ్లియైనవారికే తెలియును. ఆమె సంచి యడుగునుండి కొత్తజతను, ప్లాస్టరు చుట్టను తీసి ఆతని యొడిలో పెట్టెను.

అప్పుడు మేల్కాంచెను దర్జీత్వము! తువ్వాలుతో పాదమును తడియారునట్లు తుడిచి, జేబులోని సుద్దముక్కతో ఎఱ్ఱదనము చుట్టును గీత గీసి, ఆ కొలతకు అంగుళము చేర్చి ప్లాస్టరును కత్తిరించి, నాలుగు మూలలను గుండ్రముగా చెక్కెను. "మూలలుంటే లేస్తాయి. కాలరుకైనా ప్లాస్టరుకైనా అదే లెక్క" అని బోధించుచు ముడుత లేకుండ అతికెను. పిదప కొత్త మేజోడును లోపలిది బయటికి తిప్పెను.

"తిరగేసి తొడుక్కుంటున్నారేంటండీ?"

"కుట్టు బయటికుండాలి. లోకానికి కనబడితే కనబడనీ, నీతో పైదాకా వచ్చే కాలికి మాత్రం గుచ్చుకోకూడదు."

లోకమునకు కుట్టు కనబడకుండ దాచుటయే వృత్తిగా బ్రదికినవాడు ఈ మాట యనెను సుమా! మడమను బూటువెనుకకు జరిపి, చీలమండ కడ తాడు బిగించి లేచెను. నాలుగవ మలుపు దాటెను. అయిదవది దాటెను. మెట్టలు పల్లములు గడిచి, పదునొకండు గంటలకు ముగ్గురును శిఖరము చేరిరి.

గాలి కొట్టుచుండెను. దిగువన వాగు, వీధులు, అగ్గిపెట్టెంత కొట్టు.

"రాళ్లేగా?" అనెను దర్జీ.

"రాళ్లే" అనెను ఆమె. "కానీ ఎన్నున్నాయో చూడండి! మూడేళ్లూ అబద్ధం చెప్పానండీ. చూడాలని చచ్చేంత ఉండేది." కొంగుతో కన్నులొత్తుకొని, నవ్వుచు ప్రతి రాతికడకును పోయి నిలుచుండి చూచెను.

దర్జీ కూర్చుండి మేజోడు తీసి కాలికి గాలి తగులనిచ్చెను. ప్లాస్టరు అంచున నొక్కి చూచెను. ఉబ్బు లేదు, నీరు లేదు. ఇంతలో ప్రక్కన ఎవరో చతికిలబడిన చప్పుడు. బావమరిది, చెప్పులు చేత బట్టుకొని యున్నాడు.

"బావా... ఆ ప్లాస్టరు ఇంకో ముక్క ఉందా?"

"ఎక్కణ్నించిరా మంట?"

"రెండో మలుపు."

దర్జీ నవ్వలేదు, అనగా, చాలసేపు నవ్వలేదు. సుద్దముక్క తీసి, "కాలిటు పెట్టు" అనెను.

వినుడు, వినుడు! ఆ యాదివారమునాడు ఏ కోటయు కూలలేదు, ఏ కిరీటమును నేలరాలలేదు. ఒక దర్జీయొక్క ఎడమమడమపై, రూపాయిబిళ్లంత చోట, లేవవలసిన యొక బొబ్బ లేవలేదు. ఆతని భార్య కొండపైన నలుబదియేడు రాళ్లు చూచెను. జయము, జయము, దిగ్విజయము!