ఇరవై నిమిషాలు ముందే

ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఈ ఏడాది కూడా పెరగలేదనీ, ప్రయాణ కాలం మాత్రం గంట నుంచి రెండు గంటలకు అభివృద్ధి చెందిందనీ తెలియజేయుటకు సంతోషించడమైనది.

ఈ అభివృద్ధికి మూలపురుషుడు టైంటేబుల్ అధికారి. ఒకప్పుడు ఆ విమానం రోజూ ఆలస్యమే. ప్రయాణికులు తిట్టని తిట్టు లేదు. కంపెనీవారు పైలట్లను మార్చారు, చివరికి సీట్ల రంగు కూడా మార్చి చూశారు. అప్పుడు మన అధికారి పెన్ను తీసి, చేరే వేళను మార్చాడు. చుక్క ఇంధనం ఖర్చు కాలేదు. మర్నాటి నుంచి విమానం ముందే చేరసాగింది, తిట్టిన నోళ్లే పొగిడాయి.

"వేగం పెంచి ముందు చేరడం ఎవడైనా చేస్తాడు. పెంచకుండా చేరడం మనవాడికే చెల్లింది!" అన్నారు సన్మాన సభలో ఛైర్మన్ గారు. ముందు వరసలో అధికారి అక్క కళ్లు తుడుచుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకు పెంచిన మనిషి మరి.

ఆర్నెల్లు తిరక్కుండానే బావగారి ఫోను. "రేపు పదకొండింటికి అక్కకి గుండె ఆపరేషనోయ్. నిన్ను చూడందే లోపలికి వెళ్లనని మొండికేసింది. పొద్దున్నే వచ్చెయ్."

తొమ్మిదింటి విమానం. కాగితం మీద చేరేది పదకొండింటికని ఉన్నా, అసలు ప్రయాణం గంటేనని అతనికి తెలియదా? పదింటికి దిగి, పదిన్నరకల్లా అక్క చెయ్యి పట్టుకోవచ్చు. ఎక్కి కూర్చున్నాడు. తలుపులు మూశారు. విమానం ఉలకలేదు, పలకలేదు.

"ఇంకా కదలదేమ్మా?"

"కంగారెందుకు సార్? బోలెడంత టైముంది" అంది ఎయిర్ హోస్టెస్. "ఎప్పుడు లేచినా ముందే దిగుతాంగా!"

అధికారికి నిప్పుల మీద కూర్చున్నట్టుంది. "అయ్యో, ఆ టైము ఉత్తిదమ్మా! రాసింది నేనే!" అని అరిచాడు.

పక్క సీటాయన ముఖం వెలిగిపోయింది. "మీరేనా ఆ మహానుభావులు!" అంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. వెనక వరసలవాళ్లు లేచి నిలబడి ఫొటోలు తీసుకున్నారు. విమానం మాత్రం తీరిగ్గా తొమ్మిదీ నలభైకి కదిలింది.

దిగగానే పైలట్ గారు ప్రకటించారు. "నిర్ణీత సమయానికి ఇరవై నిమిషాలు ముందే మిమ్మల్ని చేర్చినందుకు గర్విస్తున్నాం." చప్పట్లు మారుమోగాయి. పాడు అలవాటు, అధికారి చేతులు కూడా రెండుసార్లు కలిశాయి.

పడుతూ లేస్తూ ఆస్పత్రికి చేరేసరికి ఆపరేషన్ థియేటర్ తలుపు మూసేశారు. అక్క తలుపు దాకా "తమ్ముడొచ్చాడా?" అని అడుగుతూనే వెళ్లిందట. సాయంత్రం ఆ తలుపు తెరిచేసరికి అక్క లేదు.

"ఒక్క అరగంట ముందొస్తే నీ మొహం చూసి వెళ్లేది కదరా. ఇంత ఆలస్యమేంట్రా?" అని పెద్దమ్మ బావురుమంది.

అధికారి తలెత్తలేదు. "ఆలస్యం కాలేదు పెద్దమ్మా. విమానం ఇరవై నిమిషాలు ముందే వచ్చింది" అన్నాడు.

పెద్దమ్మ కళ్లొత్తుకుంది. బంధువుల మనసులు కుదుటపడ్డాయి. "అదీ! మనవాడి తప్పేం లేదు, ముందే వచ్చాడు" అని ఒకరికొకరు చెప్పుకుని, తిరుగు ప్రయాణానికి అందరూ ఆ విమానానికే టిక్కెట్లు కొనుక్కున్నారు.