జడ్తి ఇవ్వని యాట

"అత్తమ్మా, అమ్రోలిల ఇల్లు చూసినం" అని మా కోడలు సంధ్య అన్నప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటమన్నాయి. ఆ పప్పులో ఉప్పు వేశానో లేదో ఇప్పటికీ తెలియదు. మా ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు కాబట్టి వేసి ఉండను. వేసిన రోజే ఆయన వంక పెడతాడు.

బతుకుతెరువుకు ఊరు విడిచి వచ్చి మేముండేది సూరత్ పక్కన జోల్వాలో, మగ్గాల షెడ్ల వెనకున్న గదుల వరసలో. జోల్వాకూ అమ్రోలికీ నడుమ సూరత్ ఊరంతా ఉంది. ఊరు దాటితే తాపీ నది. నది మీద వంతెన. వంతెన అన్నాక ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది. మీరు నవ్వుతారు గానీ, కూలిన వంతెనలన్నీ కూలే ముందు రోజు దాకా బాగానే ఉన్నవే కదా!

పైగా ఆ ఇల్లు పై అంతస్తులో ఉందట. లిఫ్టు ఉందట. లిఫ్టు లేకపోతే మోకాళ్ళు పోతాయి, ఉంటే మనిషే పోతాడు.

మా కొడుకు రవీంద్రకు అక్కడి ఎంబ్రాయిడరీ కార్ఖానాలో పని దొరికింది. మనవరాలు హారతికి అక్కడ మంచి బడి ఉందట. అన్నీ వాళ్ళే చూసుకున్నారు. నాకు చెప్పడం ఒక్కటే మిగిలింది, అదీ పోపు వేళకు చెప్పారు.

మా ఆయన లస్మయ్య మగ్గాల చప్పుడులో బతికి బతికి సగం చెవుడు తెచ్చుకున్నాడు. మిగతా సగం నేను నోరు విప్పినప్పుడు వస్తుంది.

"పిల్లలు పోతమంటున్రు, ఇంటున్నవా?" అన్నాను.

"పోనియ్యి. దూరమా ఏంది?"

"నది దాటాలె!"

"ఈదుకుంట పోతరా? బస్సుల పోతరు."

"బస్సు నదిల పడితే?"

"గప్పుడు ఈదుతరు."

ఇలాంటి మనిషితో సంసారం చేసి ఇన్నేళ్ళు బతికాను. ఆయన భరోసాతో కాదు, నా భయంతో బతికాను. ఇంట్లో ఒక్కరైనా భయపడకపోతే ఇల్లు నిలబడదు. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు, ఇంకెవరూ చేయరు కాబట్టి నేనే చేస్తున్నాను.

వాళ్ళను ఆపడానికి నా దగ్గర ఒక్క దారే ఉంది. దానికి నాలుగు కాళ్ళు, గడ్డం, రెండు కొమ్ములు ఉన్నాయి.

ముందటి వానల్లో హారతికి డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, పిల్ల లేస్తే యాటను, అంటే మేకపోతును, ఇస్తానని పోచమ్మ తల్లికి మొక్కుకున్నాను. మా ఆయన అప్పుడే గొణిగాడు: "కోడిని మొక్కితే సరిపోతుండె. జ్వరమే గద."

"మనవరాలి పాణం కోడి ఎత్తా?" అన్నాను. ఆయనకు చెవుడు వచ్చేసింది.

పిల్ల లేచింది. పల్సానా దారిలో మందను తోలుకుపోయే భర్వాడ్ ముసలాయన దగ్గర ఒక మగ మేకపిల్లను కొని తెచ్చి మా గది ముందు నల్లా గొట్టానికి కట్టేశాం. అది పొద్దున లేచి తినేది, పడుకుని నెమరేసేది. దానికి ఆకు తెచ్చేది నేను, నీళ్ళు పెట్టేది సంధ్య, పెంటికలు ఊడ్చేది మా ఆయన. ఇంట్లో అందరూ పని చేస్తుంటే అది గడ్డం ఊపుతూ చూసేది. మా ఆయన దానికి 'శేఠ్' అని పేరు పెట్టాడు. షెడ్డులో ఆయన శేఠ్ కూడా ఇంతేనట, గడ్డం ఒక్కటే తక్కువట.

ఊళ్ళో మేకకు చెట్లుంటాయి. ఇక్కడ మగ్గాలు తప్ప ఏమున్నాయి? సంతలో కూరగాయలమ్మే ఆమె పారేసే గోబీ ఆకులు ఏరి కొంగులో కట్టుకుని తెచ్చేదాన్ని. శేఠ్‌కు అవి చాలేవి కాదు. ఇంటి మాలిక్ కొత్త స్కూటరుకు పూజ చేసి వేసిన బంతిపూల దండ తిన్నాడు. హారతి రిబ్బను తిన్నాడు. ఒకసారి షెడ్డు వెనక పోసిన నూలు చెత్త తిన్నాడు. ఇక నా పని అయిపోయింది, మొక్కు యాట చస్తే తల్లి పిల్లనే అడుగుతుందని నేను గుండెలు బాదుకుంటుంటే, శేఠ్ వెనక నుంచి దారం మెల్లగా దిగడం మొదలైంది. మా ఆయన వంగి శ్రద్ధగా చూశాడు.

"మా షెడ్డుల దారం కన్న నయమే, తెగుతలేదు" అన్నాడు.

సరే. సంధ్య అమ్రోలి మాట ఎత్తగానే నేను అన్నాను: "మొక్కు తీర్చకుంట గడప దాటొద్దు. మా అవ్వ చెప్తుండె."

మా అవ్వ అలా చెప్పేదో లేదో నాకు గుర్తు లేదు. చెప్పలేదని కూడా ఎవరూ అనలేరు, ఆమె పోయింది.

"గంతే గద అమ్మా" అన్నాడు రవీంద్ర. "ఈ ఆషాఢంల బోనాలకు తీర్చి పోదం."

అంతే గద, అన్నాడు! అప్పుడు నాకు జడ్తి గుర్తొచ్చింది. మా వైపు యాటను ఊరికే కోయరు. పసుపు నీళ్ళు వీపు మీద పోసి నిలబడతారు. అది ఒళ్ళు విదిలిస్తే జడ్తి ఇచ్చినట్టు, తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఇంట్లో ఎవరి మనసులోనో ముడి ఉన్నట్టు. ఆ ముడి విప్పేదాకా కత్తి ఎత్తరు. విప్పకపోతే మళ్ళీ ఏడు ఆషాఢమే.

శేఠ్ విదిలించకూడదు. ఇంకేం లేదు.

మర్నాటి నుంచి రవీంద్ర పనికి, హారతి బడికి పోగానే చెంబులో పసుపు కలిపి శేఠ్ వీపు మీద పోయడం మొదలుపెట్టాను. మొదట ఒళ్ళంతా విదిలించి నన్నే తడిపేవాడు. విదిలిస్తే ఆకు లేదు, కదలకుండా నిలబడితే గోబీ ఆకు. మేకకు బుద్ధి లేదంటారు గానీ, తిండి దగ్గర మా ఇంట్లో మగవాళ్ళందరి కంటే త్వరగా నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి బిందెడు పోసినా బడి పిల్లాడిలా బిగుసుకుని నిలబడి, నావైపు తిరిగి నోరు తెరిచేవాడు.

ఒకరోజు మా ఆయన చూడనే చూశాడు.

"యాటకు తానం చేపిస్తున్నవేందే? నాకు నీళ్ళు తోడియ్యవు గని."

"ఒంటికి గోమార్లు పట్టి కరుస్తున్నయి."

"నాక్కూడ పట్టినయి."

"నీకు ఆకు తినుడొస్తదా?" అన్నాను.

సంధ్య మాత్రం ఒక పొద్దున నా చేతులు చూసి, "అత్తమ్మా, అరచేతులు రోజు పచ్చగుంటున్నయేంది?" అంది.

"పప్పుల పసుపమ్మా."

"ఇయ్యాల పప్పు ఒండలేదు గద."

"రేపటికి" అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె శేఠ్‌కు నీళ్ళు పెట్టేటప్పుడు దాని తల నిమురుతూ కాసేపు కూర్చునేది. ప్రేమ అనుకున్నాను. అమ్మవారినే మోసం చేస్తున్నానన్న దిగులుతో కోడలి సంగతి పట్టించుకోలేదు. ఆ దిగులుకు వేరే ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాను.

బోనాల ఐతారం వచ్చింది. తన జాగాలో కోత వద్దని ఇంటి మాలిక్ దండం పెట్టి మరీ చెప్పాడు. అందుకని కాలువ అవతల ఖాళీ స్థలంలో రాయికి పసుపు పూసి పోచమ్మను నిలుపుకున్నాం. మా వాళ్ళంతా వచ్చారు. సోమలింగం బావ మామూలు రోజుల్లో మగ్గాలు బాగు చేస్తాడు, పండుగ రోజున అమ్మవారి పని చేస్తాడు. మగ్గం చెడినా తల్లి అలిగినా ఆయన ముఖం ఒకేలా ఉంటుంది.

"తల్లీ, ఒప్పుకో!" అని చెంబెడు పోశాడు.

శేఠ్ కదల్లేదు.

మళ్ళీ పోశాడు. కదల్లేదు. డప్పు ఆగింది. ఆడవాళ్ళు గుసగుసలాడారు. నా కడుపులో పాలు పోసినట్టయింది.

అప్పుడు శేఠ్ మెడ తిప్పాడు. అంతమందిలో నన్ను వెతికి పట్టుకున్నాడు. తాడు పట్టుకున్న మా ఆయనను కూడా ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు నిలబడి నోరు తెరిచాడు. నిలబడ్డాడు కదా, ఆకు బాకీ.

"కనకవ్వా!" సోమలింగం బావ గొంతు లేచింది. "తల్లి నీ దిక్కే చూపుతున్నది! ఏం దాసినవ్, చెప్పు!"

"కొంగుల ఆకున్నదని గావచ్చు బావా..."

"ఆకు గాదు, మనసుల!"

"దాని మనసుల ఏం దాగుతది?" అన్నాడు మా ఆయన. "ఉన్నదంత రోజు నా చెవులనే పోస్తది."

అందరూ నావైపే చూస్తున్నారు. భయం వేసింది. అయినా ఇదే అదను అనుకున్నాను. "పిల్లలు నది దాటి పోవుడు తల్లికి ఇష్టం లేదేమో బావా" అన్నాను.

రవీంద్ర ముఖం మాడిపోయింది. సోమలింగం బావ తల పంకించాడు. "గట్లనా? అడుగుదం. తల్లీ! పిల్లలు పోవద్దంటె ఒళ్ళు విదిలియ్యి!"

చెంబు ఎత్తాడు. అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు.

నీళ్ళు పడ్డాయి. శేఠ్ రాయిలా నిలబడ్డాడు. విదిలించు నాయనా, ఈ ఒక్కసారి విదిలించు అని లోపల మొత్తుకున్నాను. కళ్ళతో సైగ చేశాను. భుజాలు ఆడించి చూపించాను. నేను నేర్పినదాన్ని నా ముందే ఎంత చక్కగా ఒప్పజెప్పాడనీ! ఒక్క వెంట్రుక కదల్లేదు.

"ఏమే, నువ్వెందుకు విదిలిస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"పోవద్దంటలేదు తల్లి" అన్నాడు సోమలింగం బావ. "మరి పొమ్మంటున్నదా? అడుగుత..."

"సోమలింగం మామా, నేను పోస్త" అని సంధ్య ముందుకొచ్చింది. "మొక్కు మా బిడ్డది గద."

చెంబు అందుకుంది. వీపు మీద పోయలేదు. నొసటి మీద నుంచి, కొమ్ముల పక్కగా, మెల్లగా, పసిపిల్లకు తల అంటినంత జాగ్రత్తగా పోసింది. "తల్లీ, మమ్ముల పొమ్మంటె చెప్పు."

శేఠ్ తల గిరగిరా తిప్పి, చెవులు టపటప కొట్టి, మెడ నుంచి తోక దాకా ఒళ్ళంతా ఎలా విదిలించాడంటే, సోమలింగం బావ ముఖం, నా కొత్త చీర, పోచమ్మ రాయి అన్నీ తడిశాయి. డప్పు మోగింది. రవీంద్ర ఎగిరినంత పని చేశాడు.

ఆ సందడిలో సంధ్య నా పక్కకు వచ్చింది. "మా అమ్మమ్మ ఇంట్ల మేకలుండె అత్తమ్మా" అంది చిన్నగా. "చెవుల నీళ్ళు వోతే ఏ మేకైన ఆగదు. ఇగ రేపటి నుంచి చేతులు కడుక్కోండ్రి."

అరిచి చెప్పాలనుకున్నాను. ఆమె గుట్టు చెప్పాలంటే నాదీ చెప్పాలి. రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. పైగా మా కోడలు చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఎంత బాగుండేది! వాడంతా తిరిగి చెప్పుకునేదాన్ని.

ఇక శేఠ్ పని వాళ్ళు చూసుకున్నారు. నేను అటు తిరగలేదు. చివరి దాకా వాడు నావైపే చూశాడని మా ఆయన చెప్పాడు. ఆ మాట నాకు చెప్పకపోతే ఆయన సొమ్మేం పోయింది?

వంట నేనే చేయాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ వాడి వీపు మీద పోసిన పసుపే ఆ రోజు కూరలోనూ వేశాను. అందరూ వేళ్ళు నాకారు. నేను ఛాతీలో మంట అన్నాను. అబద్ధం కాదు.

"ఉప్పు జర ఎక్కువైంది" అన్నాడు మా ఆయన. ఈసారి ఎందుకు ఎక్కువైందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం హారతి నల్లా గొట్టం దగ్గర నిలబడి, "శేఠ్ కహాఁ గయా? యాడికి పోయిండు?" అని అడిగింది. మా ఆయన చీపురు అందుకున్నాడు. చివరికి రవీంద్ర అన్నాడు: "ముందుగాల అమ్రోలి పోయిండు బిడ్డా. మనం పోతే ఆడుంటడు."

అంతే. అప్పటిదాకా "బాపమ్మను ఇడిచి నేను పోను" అని నా కొంగు పట్టుకు తిరిగిన పిల్ల, ఆ క్షణం నుంచి జల్దీ పోదాం, జల్దీ పోదాం అని తండ్రిని కాల్చుకు తింది. నా చేతిలో మిగిలిన ఆ ఒక్క తాడు కూడా శేఠే కొరికేశాడు.

సామాను టెంపో వచ్చింది. మంచం ఎక్కింది, బీరువా ఎక్కింది, గ్యాసు పొయ్యి ఎక్కింది. టెంపో డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేనట్టుంది. తాగి ఉంటాడని నేననలేదు, అనుకున్నాను.

"వచ్చే ఐతారం రండ్రి అత్తమ్మా" అంది సంధ్య, నా కాళ్ళకు మొక్కుతూ. నిజంగానే రమ్మంది. అది ఇంకా కష్టం.

హారతి కిటికీలోంచి చేయి చాపింది. "బాపమ్మా, గోబీ ఆకు ఇయ్యి. శేఠ్‌కు ఆకలైతది గద."

అలవాటు కొద్దీ ఆ పొద్దున కూడా సంతలో ఏరి తెచ్చాను. కొంగు విప్పి ఆకులన్నీ దాని ఒళ్ళో పోశాను. అది లెక్కగా సర్దుకుని, అన్నిటికంటే పెద్దాకును పైన పెట్టుకుంది.

టెంపో కాలువ మలుపు తిరిగింది. ముందు లారీలు. లారీల తర్వాత ఊరు. ఊరి తర్వాత ఆ వంతెన. నా చేతులు వాటంతటవే పైకి లేచి జోడించుకున్నాయి.

మా ఆయన చూశాడు. "ఏందే, ఇంకో యాటనా?"

"కాదు" అన్నాను. "కొబ్బరికాయ."

"గంత చిన్న మొక్కా? నీ పిల్లలు నది దాటుతున్రు!"

"గదే మంచిది" అన్నాను. "దానికి చెవులుండయి."