ఉచిత సంభాషణ, తగిన మర్యాదలతో

వినుకొండ దాటాక మిరప తోటల మధ్య వెలసిన విశ్వవిద్యాలయానికీ, సముద్రం ఒడ్డున ఉన్న మరో విశ్వవిద్యాలయానికీ మధ్య ఉచిత ఇంటర్నెట్ కాల్ సౌకర్యం మంగళవారం ఉదయం పది గంటలకు, అంటే పన్నెండున్నరకు, ప్రారంభమైంది. ఇకపై పండితుల మధ్య దూరమన్నది ఉండదని మిరప తోటల వైపు ఉపకులపతి జయరావు గారు ప్రకటించారు. అప్పటిదాకా పండితులు సెల్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఆ దూరాన్ని ఎలాగో భరిస్తూ వచ్చారు. ఆ దురలవాటును అరికడుతూ రెండు చోట్లా ఒకే సర్క్యులర్ వెలువడింది: పరిశోధన విషయములు అధికారిక కాల్‌లో మాత్రమే మాట్లాడవలెను, విడిగా మాట్లాడిన విజ్ఞానము చెల్లదు.

వృక్షశాస్త్రంలో కాంట్రాక్టు అధ్యాపకురాలు రెబ్కా ఆ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివింది. ఆమె చేతిసంచిలో తడిగుడ్డలో చుట్టిన మిరప ఆకులున్నాయి. దర్శి దగ్గర ఆమె తండ్రి ఆదెయ్య కౌలుకు చేస్తున్న మూడెకరాల తోటలో ఆకు ముడుచుకుపోతోంది. అది ఆకు రసం పీల్చే నల్లి అయితే మందు కొడితే తోట నిలుస్తుంది. బొబ్బర తెగులైతే మందు లేదు. పక్క తోటలకు పాకకముందే పీకెయ్యాలి. ఆకులు కొన్ని పైకి, కొన్ని కిందికి ముడుచుకుని, రెబ్కా చదివిన పుస్తకాలను వెక్కిరిస్తున్నాయి. తేల్చి చెప్పగల మనిషి అవతలి విశ్వవిద్యాలయంలోని ప్రొఫెసర్ షాహిస్తా. నిరుడు ఫోన్‌లో ఫొటో చూసి అయిదు నిమిషాల్లో చెప్పారు. ఈసారి ఫోన్ చేస్తే గొంతు తగ్గించారు.

"సెల్‌లో ఎవరికో సందేహం తీర్చానని నాకు మెమో ఇచ్చారమ్మా. ఫొటోలేమీ పంపకు. కాల్‌లో చూపించు, చూడగానే చెబుతా."

అధికారిక కాల్ ఉచితమే. కానీ ప్రారంభోత్సవం నాడు చిన్న విశేషం జరిగింది. తెర మీద అవతలి ఉపకులపతి ప్రత్యక్షం కాగానే ఇవతలివారికి ఒళ్లు పులకరించింది. అంతటి పెద్దమనిషి ఎదురుగా వస్తే ఉత్తచేతులతో నిలబడటం మనకు చేతకాదు కదా. జయరావు గారు తెరకు గులాబీల దండ వేసి, పైన శాలువా కప్పారు. అవతలివారు మాత్రం మర్యాద తెలియనివారా? వారూ కప్పారు. ఆ తర్వాత నలభై నిమిషాలపాటు రెండు శాలువాలు పరస్పరం ప్రసంగించుకున్నాయి. ముఖాముఖి సంభాషణలో ఇదొక ముందడుగని ఇద్దరూ అభిప్రాయపడ్డారు.

మరునాడు రెబ్కా ఆకులతో ఆ గదికి వెళ్లింది. కెమెరా శాలువా కింద ఉంది. తొలగించబోతే రిజిస్ట్రార్ గారు కంగారుగా అడ్డం వచ్చారు.

"ఏంటమ్మా ఇది? అది అవతలి ఉపకులపతి గారి భుజాల మీద శాలువా."

"టీవీ మీదుందండీ."

"ఎక్కడుందో కాదు, ఎవరికి కప్పామో చూడాలి. కప్పించుకున్నవారే తియ్యాలి."

ఆ సూత్రాన్ని ధ్రువీకరించడానికి ఒక సంఘం కూర్చుంది. ప్రతి ఉపకులపతీ స్వయంగా వెళ్లి తన శాలువాను స్వీకరించాలని తీర్మానించింది. ఎవరు ముందు వెళ్లినా రెండోవారి స్థాయి పెరుగుతుంది కాబట్టి, ఇద్దరూ ఒకే రోజు, ఒకే ముహూర్తానికి బయలుదేరాలన్నారు. వచ్చే బుధవారం కుదిరింది.

ఈలోగా ఆదెయ్య రోజూ పొద్దున్నే కూతురికి ఫోన్ చేస్తున్నాడు. పక్క తోటలవాళ్లు గట్టు మీద నిలబడి, నీ తెగులు మాకు అంటించేదాకా ఉంచుతావా అని అడుగుతున్నారట. మర్యాదగా అడిగేది ఇంకెన్నాళ్లో తెలియదట.

"ఏమ్మా, ఆ మేడమ్ గారు ఏమన్నారు?"

"బుధవారం దాకా ఆగు నాన్నా."

"నేను ఆగుతాలేమ్మా. వాళ్లు ఆగాలిగా."

బుధవారం రానే వచ్చింది. అవతలి ఉపకులపతి ఇవతలికి, జయరావు గారు అవతలికి కార్లలో చేరుకుని శాలువాలు తీసుకున్నారు. తెరలు వెలిగాయి. ఎవరి కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూసుకుని కాసేపు ఇద్దరూ ఇబ్బందిపడ్డా, విశ్వవిద్యాలయాలు ఇంత దగ్గరయ్యాయని సర్దుకుని తలో గంట మాట్లాడారు. చివరి రెండు నిమిషాలు పరిశోధనకు కేటాయించారు.

రెబ్కా ఆకు తిరగేసి కెమెరాకు దగ్గరగా పట్టింది. షాహిస్తా కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగారు.

"నల్లి. తెగులు కానే కాదు. గంధకం మందు కొట్టించు, వారంలో కొత్త చిగురు వస్తుంది."

హాలు హర్షించింది. లబ్ధిదారు రైతుగా పిలిపించిన ఆదెయ్యకు మైకు ఇచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిన్న పీకేశానండీ. ఆళ్లంతా వచ్చి గట్టు మీద కూచున్నారు. ఇంక తప్పలేదు. పిందె పడుతోందండీ అప్పుడే."

ఆయన తెలుగులోనే చెప్పాడు. మైకు కూడా బాగానే పనిచేసింది. రైతు స్పందన చాలా బాగుందంటూ రిజిస్ట్రార్ గారు చప్పట్లు మొదలుపెట్టారు. అవతలి హాలు అందుకుంది. పెద్దవాళ్లకంటే ముందు ఆపితే బాగుండదని ఎవరూ ఆపలేదు. తండ్రి తనవైపే చూస్తున్నాడని తెలిసి కూడా, వచ్చే నెల కాంట్రాక్టు పొడిగించుకోవలసిన రెబ్కా కూడా ఆపలేదు.